అంచున మిగిలిన కథ

టీచరమ్మ ఆ పెద్ద డిస్కును పాత చీరలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకుని మా షాపులోకి వచ్చినప్పుడు, నేను మా అమ్మాయికి కళ్ళతోనే వద్దని చెప్పాను. అది చూసింది. చూసి కూడా చేతులు చాపింది.

నా భయం నాది. తెచ్చినవాళ్ళ చేతిలో ఉన్నంతసేపూ అది వాళ్ళ వస్తువు. మన చేతిలోకి వచ్చాక చెడిపోతే మనం చెడగొట్టినట్టే. అంతకుముందే పాడై ఉందని చెబితే ఎవరు నమ్ముతారు? ఈ మాట నేను రోజుకోసారైనా అంటాను కాబట్టి మా ఆయన నాకు సైరన్ అని పేరు పెట్టారు. మా అమ్మాయిని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. ఒంట్లో బరువు లేదు, ఒక్కచోట నిలవదు, కరెంటు తీగలంటే దానికి భయం లేదు.

మా ఆయన ఈ షాపు పెట్టిన కొత్తలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్ళం. ఒకరోజు ఆయన అన్నం పళ్ళెం కంటే పెద్దదైన వెండిరంగు డిస్కునూ, ఇద్దరు మోయాల్సిన ప్లేయర్‌నూ తెచ్చి బల్ల మీద పెట్టి, ఇక క్యాసెట్ల కాలం అయిపోయిందని ప్రకటించారు. బొమ్మ నిజంగా కడిగిన ముత్యంలా ఉండేది. ముల్లు గీరుకోదు, టేపు అరగదు, సన్నటి లేజర్ కాంతి డిస్కు మీద పడి తిరిగొస్తుంది, అంతే. జనం వచ్చి చూశారు, ముక్కు మీద వేలేసుకున్నారు, క్యాసెట్లే పట్టుకుపోయారు. డిస్కులో మనం రికార్డు చేసుకోలేం, సినిమా మధ్యలో లేచి తిరగెయ్యాలి, ధర అడిగితే గొంతు తడారిపోతుంది. ఆ తర్వాత అరచేతంత డిస్కులొచ్చాయి. బొమ్మ గళ్ళు గళ్ళుగా కనిపించినా చవకని ఎగబడ్డారు. వాటిని డివిడి మింగింది. నీలం కాంతితో చదివే డిస్కు డివిడిని మింగబోయింది గానీ, ఆలోగా అన్నిటినీ కలిపి ఫోను మింగేసింది.

మా ఆయన మాత్రం ప్రతి రకం ప్లేయర్‌నూ ఒక్కొక్కటి దాచుకున్నారు. అద్దెకు పోని పెద్ద డిస్కులు అటక నిండా ఉండేవి. అవి అక్కరకొచ్చే రోజొకటి వస్తుందని ఆయనంటే, ఆ బరువుకి అటక మా నెత్తిన కూలే రోజు ముందొస్తుందని నేననేదాన్ని. పిచ్చుక చదువయ్యాక ఆ ప్లేయర్లన్నీ విప్పి బాగుచేసి, పాత డిస్కుల్లో ఉన్నవి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలుపెట్టింది. ఇప్పుడు షాపు దానిదే. మేమిద్దరం ఊరికే కూర్చుని సలహాలిస్తాం.

టీచరమ్మకు యాభై దగ్గర పడి ఉంటాయి. ఆవిడది వినిపించని పిల్లల బడి. ఆవిడకు వినిపిస్తుంది, వాళ్ళమ్మకు వినిపించేది కాదు. వాళ్ళమ్మ ఆ బడిలోనే చేతి సైగలతో పాఠాలు చెప్పేది. సైగల పాఠం టేపు మీద పెడితే, బొమ్మ ఆపినప్పుడల్లా వణికేది, టేపు అరిగేది. పెద్ద డిస్కులో అయితే ఒక్కో చుట్టుకి ఒక్కో బొమ్మ ఉంటుంది. ఆపితే రాయిలా నిలబడుతుంది. ఏ వేలు ఎక్కడుందో పిల్లలు తీరిగ్గా చూసుకోవచ్చు. అందుకని ఎవరో దాత ముందుకొచ్చి, వాళ్ళమ్మను కూర్చోబెట్టి పాఠాలన్నీ తీయించి డిస్కు చేయించాడట. రెండో వైపు చివర్న కొంచెం చోటు మిగిలితే వాళ్ళమ్మ ఒక కథ చెప్పింది. రాత్రిపూట కూతుర్ని పడుకోబెట్టేటప్పుడు చెప్పే కథ.

ఆ కథ ఇది. ఒక ఏనుగూ, ఒక చీమా దాగుడుమూతలు ఆడుకుంటాయి. ఏనుగు ఎక్కడ దాక్కున్నా చీమ ఇట్టే పట్టేస్తుంది. చివరికి చీమ దాక్కోవాల్సిన వంతు వస్తుంది.

అక్కడిదాకానే టీచరమ్మకు తెలుసు. చెవులతో వినే పిల్లలు కళ్ళు మూసుకుని కూడా కథ వింటారు. చేతులతో చెప్పే కథ అలా కాదు, పిల్ల రెప్ప వాలిస్తే కథ అక్కడితో ఆగిపోతుంది. వాళ్ళమ్మ చేతులు దించి దుప్పటి కప్పేసేది. ఎన్నిసార్లు చెప్పించుకున్నా ఈ పిల్ల చీమ దాక్కోకముందే నిద్రలోకి జారుకునేది. పెద్దయ్యాక చీమ సంగతి ఎవరికి పట్టింది? గుర్తొచ్చి అడుగుదామనుకునేసరికి వాళ్ళమ్మకు పక్షవాతమొచ్చి రెండు చేతులూ పడిపోయాయి. ఈమధ్యే పోయింది కూడా. అప్పటి విద్యార్థుల్ని అడిగితే ఒకరు ఆకు కిందన్నారు, ఒకరు చెట్టు తొర్రలోనన్నారు. బడిలోని ప్లేయర్ మొదట్లోనే చెడిపోయిందట, రెండో వైపు సరిగ్గా చూసినవాళ్ళే లేరు.

"ఆ చీమ ఎక్కడ దాక్కుందో నాకు తెలియాలి. ఇంకేం వద్దు," అంది టీచరమ్మ.

పిచ్చుక డిస్కును అంచులు పట్టుకుని దీపానికి ఎత్తి చూసింది. లోపలంతా తళతళలాడుతోంది గానీ అంచు చుట్టూ మబ్బు పట్టినట్టు మసకగా ఉంది. ఆ డిస్కు నిజానికి రెండు పలకలు, వెనక్కి వెనక్కి జిగురుతో అతికించినవి. జిగురు వదిలినచోట చెమ్మ, గాలి దూరి లోపలి వెండిరంగు పూతను తినేస్తాయి. ఇంకో సంగతుంది, ఈ డిస్కు మధ్యలో మొదలై అంచుకు చేరేసరికి ముగుస్తుంది. పాఠాలన్నీ క్షేమంగా ఉన్నాయి. చీమ దాక్కున్న చోటుకే చీడ పట్టింది.

నేను పిచ్చుకను పక్కకు లాగి, తీసుకోవద్దే, తల్లి జ్ఞాపకమది, రేపు ఏదైనా అయితే ఆవిడ ఉసురు తగులుతుందన్నాను.

"పాడైపోయినదాన్ని పాడు చేశానని ఎవరంటారమ్మా?"

"అనేవాళ్ళు అంటారు."

మా ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "సైరన్ మోగిందిగా, ఇక పని మొదలెట్టచ్చు," అన్నారు.

ఆయన పెద్ద ప్లేయర్ దుమ్ము దులిపి, రెండో వైపు వేశారు. డిస్కు గిర్రున తిరగడం మొదలుపెట్టగానే, అది ఎగిరొచ్చి ఎవరి మెడకైనా తగులుతుందేమోనని నేను టీచరమ్మ కుర్చీని కాస్త వెనక్కి జరిపాను. తెర మీద ఒక చక్కటి యువతి కనిపించింది. టీచరమ్మ ముక్కే, టీచరమ్మ నుదురే. కథ మొదలైంది. మోచెయ్యి ముఖం ముందు ఊగితే ఏనుగు తొండం, చిటికెన వేలి కొస కదిలితే చీమ. ఏనుగు సన్నటి మొక్క వెనక ఊపిరి బిగబట్టి నిలబడింది, చీమ నవ్వాపుకోలేకపోయింది. ఏనుగు నీళ్ళలో మునిగి తొండం పైకి పెట్టింది. సైగలు రాని నాకే అర్థమైపోతోంది. చివరికి ఏనుగు కళ్ళు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు తెర మీద తెల్లచుక్కలు రాలాయి. ముందు చినుకుల్లా, తర్వాత జడివానలా. చేతులు కనిపించలేదు, ముఖం కనిపించలేదు, డిస్కు ఆగిపోయింది.

టీచరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. మళ్ళీ నిద్రొచ్చేసినట్టుందని మెల్లగా అంది. ఎవరమూ నవ్వలేకపోయాం.

పిచ్చుక మాత్రం ఇలాంటి డిస్కు ఇంకొకటి ఉందా అని అడిగింది. ఒకే అచ్చులోంచి వచ్చినవైనా చీడ అన్నిటికీ ఒకేచోట పట్టదు. ఒకదాంట్లో చుక్క పడినచోట ఇంకోదాంట్లో బొమ్మ బాగుంటే, బాగున్న ముక్కలు ఏరి కంప్యూటర్‌లో ఒకటిగా కుట్టేయచ్చు. అచ్చు మిషను ఒక్కటంటే ఒక్కటి తీయదు కాబట్టి అప్పట్లో చాలానే వచ్చి ఉండాలి. టీచరమ్మ తనకు తెలిసి ఇదొక్కటేనంది. బడి సామాన్ల గది ఓసారి వెతుకుదామంది.

"ఇంకొకటి దొరికితే చాలు టీచరుగారూ, ముగింపు నేను తెచ్చిస్తా," అంది మా అమ్మాయి, ఏదో కూరగాయలు తెచ్చిస్తానన్నట్టు.

ఆవిడ వెళ్ళాక నేను దాని మీద విరుచుకుపడ్డాను. దొరక్కపోతే ఏ ముఖం పెట్టుకుని చెబుతావన్నాను. ఇదే ముఖం పెట్టుకుని చెబుతానంది.

మర్నాడు పొద్దున్నే అది బడికి బయల్దేరితే నేనూ వెంటపడ్డాను. సామాన్ల గది అంటే నిచ్చెనలుంటాయి, తుప్పు మేకులుంటాయి, మూలల్లో ఏముంటాయో చెప్పలేం. నేను ఊహించినట్టే అది ముక్కాలిపీట మీదకెక్కింది. నేను పీట కాళ్ళు పట్టుకున్నాను. పైఅరలోంచి బడివాళ్ళ పాత ప్లేయర్ బయటపడింది. తొలి రోజుల రకం, లోపల గాజుగొట్టంలో గ్యాసు నింపి, దాంట్లోంచి ఎర్రటి కాంతి పుట్టిస్తారు. ఆ గొట్టానికి ఇచ్చే కరెంటు మామూలు కరెంటు కాదని మా ఆయన ఎప్పుడో చెప్పారు. పిచ్చుక దాని మూత విప్పుతున్నంతసేపూ నేను చీపురుకర్ర పట్టుకుని నిలబడ్డాను. షాకు కొడితే చేత్తో లాగకూడదు, కర్రతో తోసేయాలి. ప్లగ్గు గోడకు పెట్టనేలేదమ్మా అని అది గుర్తుచేసింది. అయినా కర్ర దించలేదు. గొట్టం ఎప్పుడో మాడిపోయింది. లోపల డిస్కు లేదు. గదంతా తిరగేసినా లేదు.

దుమ్ము చేతులు కడుక్కుందామని నేను వరండాలోకి వచ్చాను. పొడుగాటి వరండా, రెండు మూడు మలుపులు. మొదటి మలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఎదురుగా చెదిరిన జుట్టుతో, నోరు తెరుచుకుని, చేతిలో కర్రతో ఒక ఆడమనిషి నా మీదకే వస్తోంది. కర్ర వదిలేసి గోడకు కరుచుకుపోయాను. ఆవిడా కరుచుకుపోయింది.

అటుగా వస్తున్న పిల్లలు చుట్టూ మూగి, ఏమైందని చేతులతో అడిగారు. ఒక పాప నా కొంగు సర్ది, గోడ మీదున్న గుండ్రటి అద్దాన్ని చూపించి, అది నువ్వేనని సైగ చేసింది. సిగ్గుపడి దగ్గరికెళ్ళి చూశాను. ఆ అద్దంలో నా ముఖం చుట్టూ ఇంద్రధనుస్సు తిరుగుతోంది. ఏ అద్దానికీ ఆ రంగులుండవు. నడిమధ్యన చెక్క మేకు దిగిన రంధ్రం. ఆ రంధ్రం సైజు నాకు నా గాజుల సైజంత బాగా తెలుసు.

నేను పిచ్చుకను కేకేసిన కేక, వినిపించని పిల్లలకు తప్ప బడంతా వినిపించి ఉంటుంది.

టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. అర్థంకాక నన్నూ, గోడనూ మార్చి మార్చి చూసింది. "అవి అద్దాలు కదక్కా," అంది.

అద్దాలే. ఆ పిల్లలకు వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు తెలియదు. మలుపులో పరుగున వచ్చేవాళ్ళు ఒకరినొకరు గుద్దుకుని పళ్ళు రాలగొట్టుకునేవాళ్ళు. మలుపు తిరగకముందే అటు ఎవరున్నారో, తిరగకుండానే వెనక ఎవరొస్తున్నారో కనిపించాలి. ప్లేయర్ చెడిపోయాక పనికిరాని డిస్కులు గుట్టగా పడి ఉంటే, వాళ్ళమ్మ కాలపు టీచర్లెవరో తీసి ప్రతి మలుపులో, ప్రతి తరగతిలో నల్లబల్ల పక్కన బిగించేసి ఉంటారు. టీచరమ్మ చిన్నప్పటినుంచీ వాటిలో తల దువ్వుకుంది, బొట్టు సరిచూసుకుంది, వెనక అమ్మ వస్తోందో లేదో చూసి అల్లరి చేసింది. అవి డిస్కులన్న ఊహే రాలేదు ఆవిడకు. మన ఇళ్ళల్లో పీటను పీటనే అంటాం, అది ఏ చెట్టో ఎవరడుగుతారు?

పిచ్చుక అప్పటికే ఒక మేకు ఊడబీకింది. గోడ వైపు తిరిగి ఉన్న ముఖం చూపించింది. దుమ్ము తప్ప ఒక్క గీత లేదు. "అమ్మా, నువ్వు రోజూ ఇలాగే భయపడుతుండు," అంది.

కానీ నాకు అప్పుడే ఇంకో భయం పట్టుకుంది. ఇవన్నీ తీసుకుపోతే పిల్లల గతి? ఒక్కపూటలో ఎన్ని తలలు పగులుతాయో. బదులు అద్దాలు పెట్టకుండా ఒక్క మేకు కూడా కదపనివ్వనని వరండాలో అడ్డంగా నిలబడ్డాను. పిచ్చుక మా ఆయనకు ఫోను చేసింది. ఆయన అటక మీది పెద్ద డిస్కులన్నీ రిక్షాకెక్కించుకుని వచ్చారు. ఒక్కరూ అద్దెకు తీసుకోని సినిమాలు. వాటిని మలుపు మలుపుకీ తనే బిగించి, బట్టతో తుడిచి, పిల్లలు వచ్చి తల దువ్వుకుంటుంటే పక్కన నిలబడి చూసుకున్నారు. చివరికి తన డిస్కులకు గిరాకీ వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

గోడ మీది డిస్కులు తెచ్చి కడిగే పని నాది. అద్దెల కాలం నుంచీ నాదే. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు చుక్క, మెత్తటి గుడ్డ. గిన్నె తోమినట్టు గుండ్రంగా రుద్దకూడదు, మధ్యనుంచి అంచుకు తిన్నగా తుడవాలి. కొన్నిటి మీద సున్నం చుక్కలు పడ్డాయి, కొన్నిటికి వెనక జిగురు రాసి గోడకు అతికించారు, అవి పోయినట్టే. మిగిలినవాటిని పిచ్చుక ఒక్కొక్కటిగా ప్లేయర్‌లో వేసి, కాంతి చదివినది చదివినట్టు కంప్యూటర్‌లోకి పట్టింది. ప్రతిదాంట్లోనూ చివర్న చుక్కలున్నాయి. దేని చుక్కలు దానివే.

బొమ్మలన్నీ కుట్టడం అయ్యాక పిచ్చుక టీచరమ్మకు ఫోను చేసింది. ఆవిడ, నువ్వు చూసినా నాకు చెప్పకమ్మడూ, పిల్లలతో కలిసి చూస్తానంది.

మరి నాకు? నాకూ చెప్పలేదు. అప్పుడు నాకు పట్టుకుంది అసలు భయం. ఏనుగెక్కడ, చీమెక్కడ? కళ్ళు మూసుకుని అడుగు కదిపితే ఏమవుతుంది? చీమను తొక్కేసి ఉంటుంది. అందుకే తల్లి అక్కడికొచ్చేసరికి పిల్లను నిద్రపుచ్చేసేది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషికి, అంతమంది పిల్లల మధ్య, చీమ చచ్చిపోయిందని చూపిస్తామా? ముందే చెప్పవే, ఆవిడను సిద్ధం చేస్తానని బతిమాలాను.

"అమ్మా, ఇది నీ కథ కాదు, ఆవిడ కథ. చూడు అంతే," అంది పిచ్చుక.

బడి హాల్లో గోడకు తెల్లగుడ్డ కట్టారు. పిల్లలు బెంచీల మీద కూర్చున్నారు. టీచరమ్మ వాళ్ళ మధ్యనే కూర్చుంది. ఆవిడ ఆరోజు కాటుక పెట్టుకోలేదు, కళ్ళు నలిపి నలిపి ఎర్రగా ఉన్నాయి. నేను మా ఆయన పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఏనుగు మొక్క వెనక దాక్కుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. నీళ్ళలో మునిగితే ముక్కులు పట్టుకున్నారు. ఏనుగు కళ్ళు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. జడివాన రాలేదు. ఒకటి రెండు చోట్ల చుక్కలు మెరిసి పోయాయి, పిచ్చుక వాటికి పూత పూయలేదు, ఉన్నవి ఉన్నట్టే ఉంచింది. తెర మీది యువతి చిటికెన వేలు మెల్లగా కదిలింది. చీమ అటు చూసింది, ఇటు చూసింది. ఏనుగు కాలెక్కింది. భుజమెక్కింది. తొంగి చూసి, ఏనుగు చెవిలోకి దూరిపోయింది.

ఏనుగు కళ్ళు తెరిచి వెతకసాగింది. ఆకు కింద లేదు. తొర్రలో లేదు. హాల్లో ఉన్న పిల్లలందరి వేళ్ళూ ఒక్కసారి చెవుల మీదకు వెళ్ళాయి. తెరకేసి చూపిస్తున్నారు, అక్కడ, నీ చెవిలో, నీ చెవిలో. ఏనుగు చూడదే! చీమకు జాలేసి చెవిలోపల నిలబడి నోరంతా తెరిచి ఇక్కడున్నానని అరిచింది. ఏనుగుకు వినిపిస్తేగా. ఇంకా గట్టిగా అరిచింది. ఏనుగు తీరిగ్గా రాయి ఎత్తి రాయి కింద చూసింది. పిల్లలు ఇక తట్టుకోలేక కాళ్ళతో నేల మీద దబదబా కొట్టారు, ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు కొట్టినట్టు. బెంచీలు ఊగాయి, కిటికీ రెక్కలు గలగలలాడాయి. నేను మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

చివరికి చీమ చెవిలోంచి బయటికొచ్చి, తొండం మీదుగా నడిచి, ఏనుగు రెండు కళ్ళ మధ్య నిలబడి చేతులూపింది. ఏనుగు మెల్లకన్నుతో చూసింది. నువ్వు ఓడిపోయావంది చీమ. చేతులు దిగాయి. కథ అయిపోయింది.

టీచరమ్మ తన చెవిని తాకి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. ముఖమంతా తడి, నోరంతా నవ్వు.

"మా అమ్మ చెవులు ఎందుకూ పనికిరావని అందరూ అనేవాళ్ళక్కా. దాక్కోడానికి పనికొచ్చాయి చూడు."

చీమ బతికే ఉన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది, ఆ సంగతి ఆవిడకు ఎలా చెప్పను?

పిల్లలు మళ్ళీ వేయమన్నారు. పిచ్చుక మళ్ళీ వేసింది. ఈసారి టీచరమ్మ లేచి తెర పక్కకు వెళ్ళి నిలబడి, వాళ్ళమ్మతోపాటు తనూ చెప్పడం మొదలుపెట్టింది. మొదట చేతులు కాస్త వెనకబడ్డాయి. ఏనుగు నీళ్ళలో మునిగేసరికి కలిశాయి. చీమ చెవిలోకి దూరేటప్పుడు రెండు చిటికెన వేళ్ళూ ఒక్కసారే కదిలాయి. పిల్లలు మళ్ళీ నేల అదరగొట్టారు. నేల గట్టిదే, కూలలేదు. నేనూ ఒకసారి కాలితో కొట్టి చూశాను.